ఊదుడు గడియారం

మా ఎల్లారెడ్డికి పరిశోధన చేసేవాళ్లు చాలామంది వచ్చారు. ఒకాయన అర్థశాస్త్రమట. బీడీలు చుట్టే ఆడవాళ్లను కూర్చోబెట్టి, పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం పనులు చేస్తారని అడిగాడు. వంట చెప్పారు, నీళ్లు చెప్పారు, పిల్లలు చెప్పారు. బీడీల మాట ఒక్కరూ చెప్పలేదు. ఒళ్లో చాట పెట్టుకుని చుడుతూనే చెప్పలేదు! కూలికి పోతేనే పని గాని ఇంట్లో కూర్చుని చుట్టేది కూడా పనేనా అని వాళ్ల లెక్క. ఆయన అదే రాసుకుని పోయాడు. ఇంకొకాయన టేపురికార్డు పట్టుకొచ్చి బిచ్కుంద దిక్కు ముసలమ్మల పాటలన్నీ పట్టుకుపోయాడు. మరొకరు బావుల నీళ్లు సీసాల్లో నింపి, బిరడాలు బిగించి, బస్సెక్కారు. ఆ నీళ్లు మంచివో చెడ్డవో మాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పటికీ అవే తాగుతున్నాం.

వచ్చారు, అడిగారు, పట్టుకుపోయారు. ఏం తేలిందో తిరిగొచ్చి చెప్పినవాళ్లు లేరు. ఒక్క మనిషి చెప్పింది. ఆమె పేరు లిదియా. నేను ఎవరికీ ఊరికే దండం పెట్టే రకం కాదు. ఈ కథ ఆమెకు పెడుతున్న దండం.

అది ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం. మా బీడీ సంఘం అడిగేది ఒక్కటే: ఎల్లారెడ్డిలో బీడీ చుట్టేవాళ్ల కోసం ఒక దవాఖానా. కార్ఖానా తరఫున మాట్లాడే గంగారాం ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"బీడీ చుడితే దమ్ము పోతదని ఎవలు జెప్పిన్రు గంగమణీ? నువ్వు డాక్టర్‌వా? రుజువు తే, నేనే సేటుకు జెప్తా."

కామారెడ్డిలో లేబర్ ఆఫీసరు కూడా కాస్త మర్యాదగా అదే అన్నాడు. రుజువు కావాలి. వాడకట్టులో ఏ గోడకు చెవి ఆనించినా దగ్గు వినిపిస్తుంది. దగ్గు రుజువు కాదట.

సరిగ్గా అప్పుడే లిదియా దిగింది. హైదరాబాదులో డాక్టరు. ఇంకా పెద్ద డిగ్రీ కోసం పరిశోధన చేస్తోంది. తంబాకు దుమ్ము మధ్య కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఊపిరి తగ్గుతుందా లేదా అన్నది ఆమె తేల్చాల్సిన సంగతి. ఒక పెద్ద ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకున్న యంత్రం ఆమె చేతిలో ఉంది. గుండ్రంగా, గోడగడియారం మాదిరిగా ఉంటుంది. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదితే ముల్లు తిరుగుతుంది. ఊపిరి ఎంత బలంగా ఉంటే ముల్లు అంత దూరం పోతుంది. మా వాళ్లు దానికి ఊదుడు గడియారం అని పేరు పెట్టారు.

"కార్డు ఎవరి పేరు మీద ఉందో వాళ్లే రావాలి. బడి గదిలో మెడికల్ టెస్టు చేస్తాను" అని చెప్పింది లిదియా. మా దగ్గర కార్డు అంటే ప్రాణం. కార్డు ఉన్న పేరుకే కార్ఖానా వాళ్లు తునికాకు, తంబాకు ఇస్తారు. ఆకు వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

నేను ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచాను. టెస్టు రోజున ముందు వరసలో నిలబడబోతే లిదియా చెయ్యి అడ్డం పెట్టింది.

"గంగమణి గారూ, మీరు లోపలికి రావద్దు. మీరుంటే వాళ్లు మీకు నచ్చే మాటే చెబుతారు. ఊదేది కూడా మీకు నచ్చేటట్టే ఊదుతారు."

"అంటే నేను దొంగనా?"

"కాదు. మీరు నాయకురాలు. అదే ఇబ్బంది."

నాకు ఒళ్లు మండింది. "మంచిగున్నది నీ చదువు" అని ఆ రోజే బస్సెక్కి బీర్కూర్ సంఘం పనికి పోయాను. బడి గదిలో ఎవరు ఊదారో, ఎలా ఊదారో చూడలేదు.

నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి లిదియా బడి అరుగు మీద మోకాళ్లకు గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"మీ ఆడవాళ్ల ఊపిరి నా ఊపిరి కన్నా బాగుంది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"యంత్రం చెడిపోయిందేమోనని కామారెడ్డి తీసుకుపోయాను. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారు దాన్ని విప్పి, కొలిచి చూశారు. సరిగ్గానే ఉందన్నారు. నా లెక్కే తప్పేమో. తంబాకు దుమ్ము వీళ్లను ఏమీ చెయ్యలేదేమో."

"మరి వాడకట్టుల దగ్గేదెవలు? గోడలా?"

"ఒక్క ముసలామె ఊదితే ముల్లు దాదాపు కదలలేదు. భూదవ్వ అని. వయసు వల్ల అనుకుని ఆమెను పక్కకు తీసేశాను."

"గంగారాం కలిసిండా నిన్ను?"

"కలిశారు. సంతోషపడ్డారు. త్వరగా అచ్చు వెయ్యమన్నారు."

అప్పుడు నా నోటికి హద్దు లేకుండా పోయింది. ఎంతకు అమ్ముడుపోయావని అడిగాను. నీ కాగితం తెచ్చేది దవాఖానా కాదు, మా గోరీ అన్నాను. ఆమె ఏడవలేదు, కోపగించుకోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నెలాఖరుకు ఇది ఇచ్చేస్తే నాకు డిగ్రీ వస్తుంది. మా సారు ఒప్పుకుంటారు. కానీ మీరు ఇంత అరుస్తున్నారంటే నేను చూడనిది ఏదో ఉంది. చూపించండి" అంది.

"నడువు. సఫూరా ఇంటికి నడువు. చెవులతోటి విందువు."

"సఫూరా బేగమా? అందరిలోకీ ఆమే బాగా ఊదింది! గట్టి పిల్ల."

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. సఫూరా గట్టి పిల్లట! బోరింగు నుంచి ఒక్క బిందె తేవాలంటే నడుమ రెండుసార్లు కూలబడే సఫూరా!

సఫూరా మొగుడు సత్తార్ మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో అత్త ఖుర్షీద్ బేగం, ఆడబిడ్డ తాహేరా, మరిది ఫరీద్. ఫరీద్‌ది సైకిలు పంక్చర్ల దుకాణం. సత్తార్ అక్కడ చేరి ఎంతోకాలం కాలేదు. వీసా అప్పు తీరేదాకా ఇల్లు నడిచేది సఫూరా చుట్టే బీడీల మీదే.

మేము పోయేసరికి వాకిట్లో తాహేరా గొడ్డలితో కట్టెలు కొడుతోంది. లిదియా మొహం విప్పారింది.

"సఫూరా! బాగున్నావా?"

"బాగున్న డాక్టరమ్మా" అని తాహేరా గొడ్డలి దించింది.

అదే క్షణాన గుమ్మం లోపలి నుంచి, "ఎవలు? నన్ను పిలిచిండ్రా?" అని ఇంకో గొంతు వచ్చింది. మాట వెనకే దగ్గు. దగ్గు వెనక దగ్గు. చాట ఒళ్లో పెట్టుకుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, అసలు సఫూరా గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది.

లిదియా ఈమెను చూసింది, ఆమెను చూసింది. తాహేరా తల వంచి కట్టెలను చూసింది. ఖుర్షీద్ బేగం వంటింట్లో నుంచి వచ్చి అందరినీ ఒక్కసారి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఔ. నేనే తోలిచ్చిన తాహేరాను. అయితే ఏంది?"

"ఏంది ఖాలా గిది!" అన్నాను. "మనం దవాఖానా కోసం కొట్లాడుతుంటే, మంచిగున్న పిల్లను తోలిస్తవా?"

"నీకేం గంగమణీ, జెండా పట్టుకొని తిరుగుతవ్. మెడికల్ అంటే ఏందో నాకెర్క. మస్కట్ పోయేటోడు బొంబాయిల మెడికల్ ఫెయిలైతే వాపస్ తోలిస్తరు. గీడ ఫెయిలైతే కార్డు గుంజుకుంటరు. ఆకు బంద్ జేస్తరు. నా కోడలు దమ్ము లేనిదని కాగితం మీద రాస్తే గంగారాం ఊకుంటడా?"

గోడ అవతల నుంచి పక్కింటి నర్సవ్వ తల పైకి లేచింది. ఆ మొహంలో నవ్వు ఆగడం లేదు.

"మా ఇంట్ల గూడ గంతే డాక్టరమ్మా. నేను మా బిడ్డ సుభద్రను తోలిచ్చిన. నాట్లు ఏసే పిల్ల, బుర్రబుర్ర ఊదొచ్చింది. రామవ్వ తన చెల్లెను తోలిచ్చింది. ఈ వాడకట్టుల కార్డున్నోళ్లు ఎవలూ రాలే!"

"ఒకరికొకరు చెప్పుకున్నారా?" అని అడిగింది లిదియా.

"జెప్పుకునుడు ఏంది? గల్ఫ్‌కు పోయే మొగోళ్లను సూస్తలేమా? ఎవల అకల్ వాళ్లకు లేదా?"

ఆ మాటతో నా కోపం సగం చల్లారింది. ఇల్లిల్లూ ఎవరికి వాళ్లే ఒకే తెలివి ఉపయోగించారు. తమ ఇంట్లో అందరికన్నా బలమైన ఊపిరిని పంపించారు. వాళ్లకు ఇంకెలా తోస్తుంది? మా దగ్గర డాక్టరు మనిషి ఛాతీని చూసేది ఎందుకంటే, పనికి పంపాలా వెనక్కి తోలాలా అని తేల్చడానికే. అంతకు మించి మా ఛాతీలను ఎవడు చూశాడని! భూదవ్వకు ఇంట్లో ఎవరూ లేరు. పంపించడానికి మనిషి లేక తానే వెళ్లింది. ఆ గదిలో నిజం ఊదింది ఆమె ఒక్కతే. ఆమెనే లిదియా పక్కకు తీసేసింది.

లిదియాకు కూడా అదే తట్టినట్టుంది. వాకిట్లో కట్టెల మీదే కూర్చుండిపోయింది. "తప్పు నాది. ఈ గడియారం ఏమిటని మీరు అనుకుంటున్నారో నేను అడగనే లేదు" అంది.

సఫూరా చాట పక్కన పెట్టి, మెల్లగా అడిగింది. "డాక్టరమ్మా, నేను నిజం ఊదితే నా ఆకు పోతదా?"

"పోదు. మీ పేరు ఎక్కడా రాయను."

"అందరు గట్లనే అంటరు" అంది ఖుర్షీద్ బేగం. "మాకు తీపి మాటలు చెప్పకు బేటీ. నువ్వు రేపు హైదరాబాద్ పోతవ్. మేము గీడనే ఉంటం."

అదీ నిజమే. అంతలో సైకిలు ట్యూబు భుజాన వేసుకుని ఫరీద్ లోపలికి వచ్చాడు. ఎప్పటి నుంచి బయట నిలబడి వింటున్నాడో.

"అమ్మీ, చాలు" అన్నాడు.

"నువ్వు మధ్యల రాకు."

"నా సంగతే కదా నువ్వు మాట్లాడేది."

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా వాడకట్టులో ఎవరైనా బొంబాయిలో మెడికల్ పాసైతే వాళ్ల ఇంటి నుంచి అందరికీ చక్కెర పంచుతారు. సత్తార్ పాసైనప్పుడు ఖుర్షీద్ బేగం మాకందరికీ పంచింది. ఫరీద్ కూడా బొంబాయి పోయాడు. ఆమె ముందుగానే చక్కెర పొట్లం తెచ్చి పెట్టుకుంది. ఫరీద్ తిరిగొచ్చి, ఏజెంటు దొంగ వీసా ఇచ్చాడన్నాడు. వాడకట్టంతా ఆ ఏజెంటును తిట్టింది. నేను రెండు మాటలు ఎక్కువే తిట్టాను.

"వీసా మంచిదే. ఏజెంట్ మంచోడే. ఎక్స్‌రే ఫొటోల నా ఛాతీల మచ్చ కనవడ్డది. అన్‌ఫిట్ అన్నరు" అన్నాడు ఫరీద్.

ఖుర్షీద్ బేగం చెంగుతో మొహం కప్పుకుంది. అంతకాలం ఆ తల్లీకొడుకులు మాత్రమే మోసిన మాట అది. పెళ్లి కావలసిన పిల్లవాడు. ఛాతీలో మచ్చ ఉందంటే పిల్లనెవరిస్తారు?

నర్సవ్వ నవ్వు గోడ మీదే ఆగిపోయింది.

లిదియా మాత్రం లేచి, "మచ్చకు మందులు వాడావా?" అంది.

"మందులా? దానికి మందులుంటయా?"

"ఉంటాయి. కామారెడ్డి సర్కారు దవాఖానాలో ఇస్తారు. బొంబాయిలో చెప్పలేదా?"

"లేదు. జర్ర పక్కకు జరుగు, ఎనకోడు రావాలె అన్నరు. గంతే." ఫరీద్ వదిన వైపు తిరిగాడు. "భాభీ, నేను ఇంత కాలం మచ్చ దాచిపెట్టి కూసున్న. ఒక్క గోలీ మింగలే. మింగితే నలుగురికి తెలుస్తదని. నువ్వు గూడ గట్లనే కూసుంటవా?" లిదియా సంచిలో నుంచి గడియారం తానే తీసుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, వాకిట్లో అందరి ముందు ఊదాడు. ముల్లు బద్ధకంగా లేచి, నడుమనే నిలబడింది. "సూడుండ్రి. గిదే నా దమ్ము. ఎవలు నవ్వుతరో నవ్వుండ్రి."

ఎవరు నవ్వుతారు?

సఫూరా చెయ్యి చాచింది. లిదియా పాత గొట్టం తీసి కొత్తది తగిలించి ఇచ్చింది. ఆమె ఊదింది. ముల్లు లేచిందో లేదో తెలియలేదు. ఊది, గోడకు ఆనుకుని ఆయాసపడుతూ, "గంతేనా?" అని అడిగింది. లిదియా "అంతే" అంది. అబద్ధం చెప్పలేదు. నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

గోడ దిగి నర్సవ్వ వచ్చింది. రామవ్వను కేకేసింది. పొద్దు వాలేసరికి వాకిలి నిండిపోయింది. పేర్లు వద్దు అన్నాము కదా, మరి ఎవరిది ఏదో గుర్తు పట్టడం ఎలా? తాహేరా అటక మీది గోరింట గిన్నె దించింది. ఒక్కొక్కరు అరచేతిలో తమకు నచ్చిన బొమ్మ వేయించుకున్నారు. ఒకరికి చిలుక, ఒకరికి కత్తెర, సఫూరాకు నెలవంక. లిదియా పేర్లకు బదులు ఆ బొమ్మలే దించుకుంది. ఈసారి నన్ను బయటికి పొమ్మనలేదు. నేనే పోయి గుమ్మం బయట కూర్చున్నాను.

మరునాడు పొద్దున బస్సులో సఫూరాను, ఫరీద్‌ను, ఇంకా దగ్గు ముదిరిన కొందరిని కామారెడ్డి తీసుకుపోయాము. లిదియా ఎక్స్‌రే గది ముందు వరసలో వాళ్లతోపాటే నిలబడింది. సఫూరాకూ ఫరీద్‌కూ ఇద్దరికీ క్షయ అని తేలింది. మందులు మొదలయ్యాయి. లిదియా హైదరాబాదు పోయి తన సారుకు ఉన్నదున్నట్టు చెప్పిందట: నేను తెచ్చిన లెక్కంతా తప్పు, మళ్లీ చెయ్యాలి. ఆ ఏడు డిగ్రీ పోయింది. సెలవు పోయింది. ఇవి ఆమె నాకు చెప్పలేదు. ఆమెను కలవడానికి హైదరాబాదు పోయినప్పుడు అక్కడి వాళ్లు చెప్పారు.

వానలు తగ్గాక మళ్లీ వచ్చింది. మహమ్మద్‌నగర్ దాకా ఊరూరా తిరిగింది. ప్రతి ఊళ్లోనూ మొదట గడియారాన్ని ఆడవాళ్ల మధ్యలో పెట్టి, "ఇదేమిటని అనుకుంటున్నారు?" అని అడిగేది. ఆ తరువాతే ఊదించేది. కార్డు ఉన్నవాళ్లనూ ఊదించింది, కార్డు లేని ఆడబిడ్డలనూ ఊదించింది. మా వాళ్లు మొదట చేసిన మోసం ఆమెకు అక్కరకొచ్చింది చూడండి. ఒకే ఇంట్లో ఉండి, ఒకే తిండి తిని, బీడీ చుట్టే మనిషికీ చుట్టని మనిషికీ ఊపిరిలో తేడా పక్కపక్కన కనబడింది. క్షయ ఉన్నవాళ్లను వేరే లెక్కలో పెట్టినా, రామవ్వ ముల్లు ఎక్కడ, ఆమె చెల్లె ముల్లు ఎక్కడ!

ఆమె ఆ లెక్కలతో కామారెడ్డి వచ్చి లేబర్ ఆఫీసరు ముందు చెప్పింది. గంగారాం లేచి, "ఎవలెవలికి రోగమున్నదో పేర్లు జెప్పుండ్రి" అన్నాడు.

"నా దగ్గర పేర్లు లేవు. చిలుకలు, నెలవంకలు ఉన్నాయి" అంది లిదియా.

ఆఫీసరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఏ ఒక్కరి ఆకూ బంద్ కాలేదు. దవాఖానా వచ్చింది. గొప్పదేమీ కాదు, అద్దె గది, వారానికి ఒకసారి వచ్చే డాక్టరు. అది తెరిచేనాటికి భూదవ్వ లేదు. దగ్గి దగ్గి పోయింది. అందుకు నేను ఇప్పటికీ ఎవరినీ క్షమించలేదు. గది గోడ మీద ఆమె పేరు రాయిస్తామంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. మేము బొగ్గుతో రాశాం. సున్నం వేసిన ప్రతిసారీ మళ్లీ రాస్తాం.

మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం లిదియా ఏ పని లేకుండా బస్సు దిగింది. అవును, పని లేకుండానే. ఏం తేలిందో చెప్పిపోవడానికి వచ్చింది. సఫూరా వాకిట్లో ఆడవాళ్లంతా కూర్చుంటే, మాకు అర్థమయ్యే మాటల్లో అంతా చెప్పింది. కిటికీ లేని గదిలో చుట్టొద్దంది. చాట దులిపేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవద్దంది. కిటికీ పెట్టించే స్తోమత ఎవరికుందని నర్సవ్వ గోడ అవతల నుంచి అడిగితే, ఆ మాట కూడా రాసుకుంది. తాను తేల్చలేనివి ఏమున్నాయో అవీ దాచకుండా చెప్పింది. మమ్మల్ని అడిగి, పట్టుకుపోయి, తిరిగి తెచ్చిచ్చిన మొదటి మనిషి. నేను వెనక్కి జరిగి, "ఇంకా గట్టిగ జెప్పు, ఎనక వినొస్తలేదు" అని అరిచాను.

అంతా అయ్యాక సఫూరా అడిగింది. "గడియారం తెచ్చినవా?"

తెచ్చింది. సఫూరా మందులు పూర్తయి కొంతకాలమైంది. ఒళ్లు కాస్త నిండింది. బీడీలు తగ్గించింది. ఆమె వంతులో సగం ఇప్పుడు తాహేరా చుడుతోంది, అది నాకు ఇష్టం లేదు గాని ఇల్లు గడవాలి. సఫూరా కొంగు దోపుకుని నిలబడి, గొట్టం పట్టుకుని ఊదింది. ముల్లు లేచింది. తాహేరా దాకా పోలేదు. కానీ లేచింది, నిలబడింది. ఆమె కూలబడకుండా మా అందరినీ చూసింది.

"ఎట్లున్నది?" అన్నది ఖుర్షీద్ బేగం.

"బాగుంది ఖాలా. చాలా బాగుంది."

"సాఫ్ జెప్పు బేటీ. పాసా, ఫెయిలా?"

లిదియా నా వైపు చూసింది. అది పాస్ ఫెయిల్ చూసే యంత్రం కాదని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి! ఒక్క క్షణం తటపటాయించి, "పాస్" అంది.

ఖుర్షీద్ బేగం లోపలికి పోయి చక్కెర పొట్లం తెచ్చింది. సఫూరా నోట్లో పోసింది, ఫరీద్ నోట్లో పోసింది. వాడూ మందులు పూర్తి చేశాడు. బొంబాయి మాట ఎత్తడం లేదు, సైకిలు దుకాణంలోనే ఉన్నాడు. నర్సవ్వ గోడ మీది నుంచే చెయ్యి చాచింది. "నా కోడలు మెడికల్ పాసైంది" అని ఆ ముసలామె గల్లీ చివరి దాకా ఇల్లిల్లూ తిరిగి పంచి వచ్చింది. చివరికి లిదియా ముందు నిలబడింది.

"నీ పరీక్ష ఏమాయె? పాసైనవా?"

"ఇంకా లేదు ఖాలా. వచ్చే ఏడు."

"నోరు తెరువు."

"పాస్ కాలేదంటున్నాను కదా!"

"ఆ సంగతి నీ సార్లకేం ఎర్క? తెరువు" అని, పొట్లంలో మిగిలిన చక్కెరంతా ఆమె నోట్లో పోసింది. లిదియా దగ్గుతూ, నవ్వుతూ, కళ్లద్దాల నిండా చక్కెరతో అక్కడే నిలబడింది.